పుట్టలు పోతున్నాయి, చెదలు మిగులుతున్నాయి: ఢిల్లీ పరిసరాల్లో నగరీకరణ తెచ్చిన మార్పు

దేశ రాజధాని ప్రాంతంలో ఇల్లు కట్టుకునేవారు పునాది దశలోనే లెక్కలో వేసుకునే ఖర్చుల్లో చెదల మందు ఒకటి. గురుగ్రామ్, నోయిడా, ద్వారక, ఫరీదాబాద్ అన్న తేడా లేదు. అంత ఖర్చు పెట్టిన తరువాత కూడా కొన్నేళ్ళకు గుమ్మం మీద పెన్సిలు మందాన మట్టి గీత ఒకటి పైకి పాకుతుంది. వేలితో నొక్కితే చెక్క లోపలికి కుంగుతుంది. పైన రంగు చెక్కుచెదరదు, లోపల అంతా డొల్ల. కనుచూపు మేరలో ఒక్క పుట్ట అయినా లేని కాలనీలోకి, అందునా పై అంతస్తులోకి, చెదలు ఎలా వచ్చాయన్నది ఇంటివారికి అంతుపట్టదు.

పుట్ట లేదు కనుక చెద ఉండదన్న ఆ అంచనాలోనే పొరపాటు ఉంది. చెదలన్నీ పుట్టలు కట్టవు, అన్నీ ఇళ్ళను తినవు. నగరం విస్తరించినప్పుడు చెదల సంఖ్య పెరుగుతుందా, తగ్గుతుందా అన్న ప్రశ్న కంటే ఏ చెదలు పోతున్నాయి, ఏవి మిగులుతున్నాయి అన్న ప్రశ్నే ముఖ్యమైనది. నేలకు మేలు చేసే జాతులు ముందుగా అంతరిస్తున్నాయి. భవనాల్లో బతకగల కొద్ది జాతులు నిలదొక్కుకుంటున్నాయి.

ఒకే పేరు, వేర్వేరు జీవులు

ప్రపంచంలో సుమారు 3,000 చెద జాతులను శాస్త్రవేత్తలు గుర్తించారు. వాటిలో మనిషి ఆస్తికి, పంటకు తీవ్రమైన నష్టం కలిగించేవి వంద దరిదాపుల్లో మాత్రమే ఉంటాయి. భారతదేశంలో సుమారు 300 జాతులు ఉన్నాయి. ‘తెల్ల చీమలు’ అన్న పేరు వాడుకలో ఉన్నా చెదలకు చీమలతో చుట్టరికం లేదు. జన్యు పరీక్షల ఆధారంగా 2007లో వెలువడిన పరిశోధన తరువాత చెదలను బొద్దింకల వంశంలోనే చేర్చి చూస్తున్నారు.

దక్షిణ భారతంలోని చెదలపై తొలి శాస్త్రీయ వర్ణనల్లో ఒకటి 1779లో వెలువడింది. రాసినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడైన ఈ ప్రకృతి శాస్త్రవేత్త తరంగంబాడిలోని డెన్మార్కు స్థావరానికి వచ్చి, తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో కన్నుమూశాడు. చెద శాస్త్ర చరిత్రలో తెలుగు నేలకు దక్కిన ఈ చిన్న స్థానం ఇక్కడివారిలో చాలామందికి తెలియదు.

ఢిల్లీ నేల రెండు రకాలు. ఒకవైపు ఆరావళి పర్వతాల ఉత్తరపు కొస అయిన రిడ్జి, రాతి నేల, ముళ్ళ పొదలు. మరోవైపు యమునా నది వరద మైదానం, ఒండ్రు నేల, గోధుమ పొలాలు. ఈ నేలల్లో పుట్టలు కట్టే చెద ఒడాంటోటెర్మిస్ ఒబేసస్. ఎండుటాకులు, పుల్లలు, పేడ, చచ్చిన బెరడు దీనికి ఆహారం. అయితే తెచ్చినదాన్ని అది నేరుగా అరిగించుకోలేదు. పుట్ట లోపల తేనెతుట్టె వంటి గూళ్ళు కట్టి, వాటిపై ఒక శిలీంధ్రాన్ని పెంచుతుంది. ఆ శిలీంధ్రమే చెక్కను, ఆకును మెత్తబరచి చెదకు ఆహారంగా మారుస్తుంది. వానలు పడినప్పుడు పుట్ట మీద గొడుగులు లేచేది ఆ శిలీంధ్రం నుంచే. ‘పుట్టగొడుగు’ అన్న మాటలో తెలుగువారు ఈ సంబంధాన్ని ఎప్పుడో నమోదు చేసి పెట్టారు.

దీనికి దగ్గరి బంధువైన మైక్రోటెర్మిస్ ఒబేసి పుట్ట కట్టదు. నేల లోపలే చిన్న చిన్న శిలీంధ్రపు గదులు ఏర్పరచుకుంటుంది. ఉత్తర భారతంలో గోధుమ, చెరకు రైతులకు ఈ రెండూ పాత శత్రువులే. నేలను ఆనుకున్న గుమ్మాన్ని, కంచె గుంజను కూడా ఇవి వదలవు. కనుక ఇవి పూర్తిగా నిర్దోషులని చెప్పడానికి లేదు. కానీ వాటి బతుకు నేలతో ముడిపడి ఉంది. మట్టి, తేమ, రాలిన ఆకు, లోపలి శిలీంధ్రపు తోట, వీటిలో ఏది లేకపోయినా వాటికి మనుగడ లేదు. ఇవి కాక గడ్డిని కోసి దాచుకునే జాతులు, కుళ్ళిన మట్టినే తిని బతికే జాతులు మన దేశంలో అనేకం. ఇళ్ళతో వాటికి పనే లేదు.

రెండో కోవకు చెందినవి కాప్టోటెర్మిస్ హీమి, హెటిరోటెర్మిస్ ఇండికోలా. వీటికి శిలీంధ్రం అక్కరలేదు. పేగుల్లో నివసించే ఏకకణ జీవులు చెక్కను అరిగించి పెడతాయి. చెట్టు మానులోనో, పాతిపెట్టిన దుంగలోనో, గోడ సందులోనో, నేల లోపలో ఎక్కడైనా ఇవి గూడు కట్టగలవు. బయటికి కనిపించే పుట్ట ఏదీ ఉండదు. ఢిల్లీ, పంజాబ్, సరిహద్దు అవతల లాహోర్ వరకు భవనాల్లోని కలపకు ప్రధాన శత్రువులుగా పేరుపడ్డవి ఈ రెండే. ఇవి విదేశాల నుంచి వచ్చినవి కావు, ఈ నేలకు చెందినవే.

నగరం చేసే వడపోత

1951లో ఢిల్లీ జనాభా సుమారు 17 లక్షలు. 2011 జనగణన నాటికి అది 1 కోటి 68 లక్షలకు చేరింది. వీరంతా 1,483 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలోనే సర్దుకోవాలి. పొరుగున 1976లో నోయిడా మొదలైంది. గురుగ్రామ్, ఫరీదాబాద్, గాజియాబాద్ పొలాలను, గుట్టలను కలుపుకుంటూ పెరిగాయి. ఈ విస్తరణలో నేలకు జరిగేది ఒకే క్రమం. ముందుగా యంత్రం పైమట్టిని తొలగిస్తుంది. పుట్ట పగులుతుంది, రాణి ఉన్న గది నలిగిపోతుంది. తరువాత నేలను దిమ్మిస కొట్టి గట్టిపరుస్తారు. ఆపైన కాంక్రీటు. రాణిని కోల్పోయిన పుట్టచెద సాధారణంగా కోలుకోలేదు.

కొత్త పుట్ట పుట్టడమూ కష్టమే. తొలకరి వానల తరువాత రెక్కలు వచ్చిన చెదలు, అంటే ఉసిళ్ళు, పుట్టలోంచి గుంపులుగా లేస్తాయి. కొద్దిసేపు ఎగిరి రెక్కలు రాల్చుకుని, ఆడ మగ జతకట్టి, మెత్తని తడి నేలను తవ్వి లోపలికి పోతాయి. ఆ జంటే కొత్త పుట్టకు రాజు, రాణి. నగరంలో వీధిదీపం వాటిని తన వైపు లాగుతుంది. దీపం కింద ఉన్నది తారు రోడ్డు, లేదా పలకలు పరచిన నడకదారి. తవ్వుకునేందుకు మట్టి దొరకక తెల్లవారేసరికి అవి చచ్చి, రెక్కల కుప్పలు మాత్రం మిగులుతాయి.

ఆహారం సంగతి మరో చిక్కు. పార్కుల్లో, కాలనీల్లో రాలిన ఆకును ఏరోజుకారోజు ఊడ్చేయడం శుభ్రతగా స్థిరపడింది. ఊడ్చిన ఆకును కాల్చడం ఢిల్లీ గాలిని మరింత పాడుచేస్తున్నదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో బహిరంగంగా చెత్త, ఆకులు కాల్చినవారికి 5,000 రూపాయల జరిమానా నిర్ణయించింది. అడవిలో అదే ఆకును చెదలు, వానపాములు, శిలీంధ్రాలు ఖర్చు లేకుండా మట్టిలో కలుపుతాయి. నగరం ఒకవైపు ఆ పని చేసే జీవులను పోగొట్టుకుని, మరోవైపు ఆ పనికి బండ్లు, మనుషులు, జరిమానాలు ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది.

ఇక కాప్టోటెర్మిస్, హెటిరోటెర్మిస్ వంటివాటికి నగరం అనుకూలించే తీరు గమనించదగినది. వీటి సమూహం నుంచి ఒక భాగం తెగిపోయి వేరైనా, అందులోని చెదల్లో కొన్ని సంతానోత్పత్తి శక్తిని సంతరించుకుని ప్రత్యామ్నాయ రాజు, రాణులు కాగలవు. అంటే పునాది తవ్వకంలో గూడు ముక్కలైతే ఒక సమూహం చావడానికి బదులు రెండు సమూహాలు కావచ్చు. సెంట్రింగ్ చెక్క ముక్కలు, పెకలించని మొద్దులు, పాత చెట్ల వేళ్ళు నేల లోపలే వదిలి పైన గచ్చు వేసేస్తే, వాటికి ఇల్లు కట్టక ముందే తిండి అమర్చినట్లు అవుతుంది.

అసలు కీలకం నీరు. ఢిల్లీలో ఏడాది సగటు వర్షపాతం 774 మిల్లీమీటర్లు, అందులో అధికభాగం వానకాలంలోనే కురుస్తుంది. మిగిలిన కాలమంతా నేల పొడిగా ఉంటుంది. కానీ భవనం లోపల కారే గొట్టం, నానిన స్నానాల గది గోడ, పొర్లే పైకప్పు ట్యాంకు, వేసవి అంతా తడిసే ఎయిర్ కూలర్ అడుగు, రోజూ నీరు పెట్టే పచ్చిక, ఇవన్నీ ఏడాది పొడవునా తేమను అందిస్తాయి. పై అంతస్తులో తేమ నిలకడగా దొరికితే కాప్టోటెర్మిస్ నేలతో సంబంధం లేకుండానే గోడల మధ్య గూడు నిలుపుకోగలదు. ఇంటివారిని వేధించిన ప్రశ్నకు చాలా సందర్భాల్లో జవాబు ఇదే.

ఇది భారతదేశపు వింత కాదు. చలిదేశమైన జర్మనీలో, హాంబర్గ్ నగరంలో, 1937 నుంచి ఒక అమెరికా చెద జాతి బతుకుతున్నది. ఇళ్ళను వెచ్చపరిచేందుకు వీధుల కింద వేసిన వేడి నీటి గొట్టాలు దానికి ఆసరా.

పంజాబ్ చెప్పిన పాఠం

చెద ఒక ఊరిని కూల్చగలదని చెబితే అతిశయోక్తిలా వినిపిస్తుంది. పంజాబ్‌లోని గురుదాస్‌పూర్ జిల్లాలో, బియాస్ నది ఒడ్డున ఉన్న శ్రీ హర్‌గోవింద్‌పుర్ పట్టణం అందుకు ఉదాహరణ. అక్కడి ఇళ్ళ దూలాలను, వాసాలను, ద్వారబంధాలను హెటిరోటెర్మిస్ ఇండికోలా తొలిచివేసిన తీరును ప్రసిద్ధ చెద శాస్త్రవేత్త ఎం.ఎల్. రూన్‌వాల్ 1955లో శాస్త్రలోకం దృష్టికి తెచ్చారు. తరువాత ఆయన భారతీయ జంతు సర్వేక్షణ సంస్థకు సారథ్యం వహించారు. ఆయన, ఓ.బి. ఛోటానీ కలిసి రచించిన భారతీయ చెదల గ్రంథం తొలి సంపుటి 1989లో వెలువడింది. ఈ దేశంలో చెదను గుర్తించాలనుకునేవారికి నేటికీ అదే ఆధారం.

నేటి భవనంలో దూలాలు, వాసాలు ఉక్కు, సిమెంటుగా మారాయి కనుక కప్పు కూలే ప్రమాదం తగ్గింది. నష్టం అల్మారాలకు, ప్లైవుడ్ పనికి, పుస్తకాలకు, దస్తావేజులకు మళ్ళింది.

సామానుతో పాటు ప్రయాణం

ఉసిళ్ళు తమంత తాముగా ఎగిరేది సాధారణంగా కొన్ని వందల మీటర్లే. దూరప్రయాణం మనిషి చేయించేది. పశ్చిమ ఢిల్లీలోని కీర్తినగర్ కలప, ఫర్నిచర్ బజారుకు దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి కలప చేరుతుంది. దిగుమతి కలపలో పెద్ద వాటా గుజరాత్‌లోని కాండ్లా రేవు గుండా వస్తుంది. పాత ఇళ్ళు కూల్చినప్పుడు తలుపులు, కిటికీ చట్రాలు మళ్ళీ అమ్ముడై మరో ఇంటికి పోతాయి. నర్సరీ నుంచి మట్టితో సహా కుండీలు వస్తాయి. కూల్చిన ఇంటి శిథిలాలు లారీల్లో పల్లపు స్థలాలకు చేరతాయి. వీటిలో దేనితోనైనా ఒక చిన్న సమూహం తరలిపోగలదు. పొడి కలపలోనే బతికే క్రిప్టోటెర్మిస్ జాతులకైతే మట్టి, బయటి తేమ ఏవీ అక్కరలేదు. ఒక కుర్చీ కాలు చాలు. ఇవి తేమగాలి వీచే సముద్రతీర పట్టణాల్లో ఎక్కువ.

దిగుమతుల విషయంలో నిబంధనలు లేకపోలేదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ కలపకు తనిఖీ, ధూపన చికిత్స ఉంటాయి. ప్యాకింగు చెక్కపెట్టెలను 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. దేశం లోపల ఊరి నుంచి ఊరికి కదిలే కలపపై అంతటి నిఘా లేదు.

నిఘా లేనప్పుడు ఏమవుతుందో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ చూపింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక తూర్పు ఆసియా నుంచి తిరిగివచ్చిన సైనిక నౌకల చెక్కపెట్టెల్లో ఫార్మోసా చెద ఆ ప్రాంతానికి చేరిందని నిపుణుల అభిప్రాయం. అది కాప్టోటెర్మిస్ హీమికి ఒకే ప్రజాతిలోని బంధువు. అక్కడి చారిత్రక ఫ్రెంచ్ క్వార్టర్‌ను కాపాడేందుకు 1998లో ప్రత్యేక కార్యక్రమమే చేపట్టవలసి వచ్చింది. ఫ్లోరిడాలో ఇదే చెద, ఆసియా నుంచే వచ్చిన మరో కాప్టోటెర్మిస్ జాతితో జతకట్టి సంకర సంతానాన్ని ఇస్తున్నదని 2015లో పరిశోధకులు ప్రకటించారు. సహజంగా ఎన్నడూ కలవని రెండు జాతులను కలిపింది రేవుల వ్యాపారం. ఫ్రాన్స్ 1999లో ఏకంగా చెదల చట్టమే చేసింది. చెద బెడద ఉన్న ప్రాంతాల్లో ఇల్లు అమ్మేటప్పుడు తనిఖీ పత్రం చూపాలి.

స్వస్థలం దాటి స్థిరపడిన చెద జాతులు 1969లో 17 ఉండగా, 2013 నాటి అంతర్జాతీయ సమీక్షలో 28కి చేరాయి. 2017లో ప్రచురితమైన మరో అధ్యయనం అత్యంత ప్రమాదకరమైన 13 జాతుల్లో 12 జాతుల పరిధి 2050 నాటికి విస్తరించగలదని అంచనా వేసింది. వాతావరణ మార్పుతో పాటు నగరాల పెరుగుదల, రవాణా మార్గాలు ఈ వ్యాప్తికి దారి చూపుతున్నాయని 2024లో బెల్జియం పరిశోధకులు విశ్లేషించారు. ఇటువంటి చెదల వల్ల ప్రపంచానికి ఏటా 4,000 కోట్ల డాలర్లకు పైగా నష్టం.

ఊపిరాడని చెట్టు

భవనం తరువాత ఈ చెదలకు నగరంలో దొరికే రెండో ఆశ్రయం రోడ్డు పక్క చెట్టు. కాప్టోటెర్మిస్ హీమి పచ్చని చెట్టు నడిమి చేవను తొలిచి లోపలే గూడు పెట్టగలదు. ఆకులు పచ్చగానే ఉంటాయి కనుక బయటికి తెలియదు. మొదలు చుట్టూ కాంక్రీటు బిగించడం, కేబుళ్ళ కోసం వేళ్ళు నరకడం, కొమ్మలను అడ్డదిడ్డంగా కోసి గాయాలు చేయడం చెట్టును బలహీనపరచి చెదకు తలుపు తీస్తాయి. 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీలో ప్రతి చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. పన్నెండేళ్ళ తరువాత కూడా మెడదాకా పలకలు బిగించిన వేపచెట్లు నగరంలో అరుదేమీ కాదు.

మందు ఎవరిని చంపుతుంది

భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 6313 ప్రమాణం చెద నివారణకు ప్రాతిపదిక. నిర్మాణ దశలో నేలపై చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున మందు ద్రావణం పోయాలని అది చెబుతుంది. క్లోర్‌పైరిఫాస్ అయితే ద్రావణం గాఢత 1 శాతం. అంటే 100 చదరపు మీటర్ల ఇంటి కింద 500 లీటర్ల ద్రావణం, అందులో సుమారు 5 కిలోల అసలు విషం నేలలోకి పోతుంది. ఒక కాలనీకి, ఒక సెక్టారుకు లెక్క కడితే ఎంతవుతుందో ఊహించవచ్చు.

ఒకప్పుడు ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ వాడేవారు. దశాబ్దాల తరబడి నేలలో నిలిచే స్వభావం వల్ల 1990వ దశకంలో వాటిని నిషేధించారు. వాటి స్థానంలో వచ్చిన క్లోర్‌పైరిఫాస్‌ను కూడా 2025లో స్టాక్‌హోమ్ ఒప్పంద దేశాలు, కొన్ని మినహాయింపులతో, తొలగించవలసిన రసాయనాల జాబితాలో చేర్చాయి.

ఈ విషానికి జాతి భేదం తెలియదు. నేలలోని ప్రతి చెదను, దానితో పాటు చీమను, వానపామును చంపుతుంది. కొన్నేళ్ళకు మందు బలం తగ్గాక ఆ ఖాళీలోకి ముందుగా రాగలిగేది పుట్టచెద కాదు. పక్క గోడలోనో, చెట్టులోనో, కొత్త అల్మారాలోనో దాగి ఉన్న గట్టిపిండమే. ఇళ్ళు కాపాడుకోవడానికి మందు అవసరమైన సందర్భాలు ఉన్నాయి. కానీ తోటలో, పార్కులో పుట్ట కనిపించగానే మందు పోయించడం వల్ల ఇంటికి ఒరిగేది స్వల్పం.

విషం లేని పద్ధతులూ ఉన్నాయి. హవాయిలో పునాది కింద నల్లరాతి నూకను సుమారు 1.7 నుంచి 2.4 మిల్లీమీటర్ల పరిమాణంలో జల్లెడపట్టి పరుస్తారు. ఆ గింజ చెద నోట పట్టి లాగలేనంత పెద్దది. గింజల నడుమ సందు దాని తల దూరనంత చిన్నది. ఐఎస్ 6313 కూడా రసాయనాల కంటే ముందు, తొలి భాగంలోనే, నిర్మాణపరమైన జాగ్రత్తలను వివరిస్తుంది. ఆ భాగాన్ని తెరిచి చూసే గుత్తేదారులు తక్కువ.

పుట్ట మిగిలిన చోట్లు

ఢిల్లీలో సుమారు 7,777 హెక్టార్ల రిడ్జిని రిజర్వు అడవిగా ప్రకటించే నోటిఫికేషన్ 1994 మే నెలలో వెలువడింది. దక్షిణాన అసోలా భట్టి అభయారణ్యం, ఒకనాటి గనుల నేల. దాని దిగువన హరియాణాలో మాంగర్ బనీ, గ్రామస్థులు తరతరాలుగా గొడ్డలి పెట్టకుండా కాపాడుకున్న దేవుడి వనం. పుట్టచెదకు కావలసిన మట్టి, ఎండుటాకు, పేడ నగరం అంచున మిగిలింది ఇటువంటి చోట్లనే. తొలకరి ఉసిళ్ళ కోసం మైనాలు, పసులపోలిగాళ్ళు, కప్పలు, బల్లులు, ముంగిసలు కాచుకుంటాయి. ఉడుము తన గుడ్లను పుట్టలో దాస్తుంది.

చెదల సొరంగాల గుండా వాననీరు నేలలోకి ఇంకుతుంది. బుర్కినా ఫాసో రైతులు రాయిలా గట్టిపడిన పొలంలో గుంటలు తవ్వి, పెంట, ఆకులు వేసి, చెదలను పనిగట్టుకుని రప్పిస్తారు. ఆస్ట్రేలియాలో మెట్ట గోధుమ పొలాల్లో చీమలు, చెదలు ఉన్నచోట దిగుబడి 36 శాతం పెరిగిందని 2011లో ఒక ప్రయోగం తేల్చింది. వాన కురిస్తే వీధులు మునిగి, వాన వెలిస్తే భూగర్భజలం అందని ఢిల్లీకి ఈ లెక్క అనవసరమైనది కాదు.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం పొలిమేరల్లో కూడా నేల ఇదే క్రమంలో మారుతున్నది. నాగులచవితి నాడు పాలు పోసేందుకు పుట్టను వెతుక్కుంటూ కుటుంబాలు కిలోమీటర్లు ప్రయాణించడం అక్కడ మామూలైంది.

ఇంట్లో ఉసిళ్ళు కనిపించినప్పుడు కంగారుపడే ముందు ఒక్క విషయం గమనించాలని కీటక శాస్త్రం సూచిస్తుంది. దీపం వెలుగుకు కిటికీలోంచి వచ్చినవైతే అవి బయటి నేలవి. దీపం ఆర్పి, కిటికీ మూస్తే చాలు. గోడ పగులులోంచి, గుమ్మం అంచులోంచి, స్విచ్చు పెట్టె వెనుక నుంచి బయటికి వస్తున్నా, మూసిన గదిలో రాలిన రెక్కలు కుప్పగా కనిపించినా గూడు ఇంటి లోపలే ఉన్నట్లు. అప్పుడు ముందుగా వెతకవలసింది ఆ గోడలో కారుతున్న నీటి గొట్టాన్ని.